‘ఫార్మాట్ చేసేయమంటారా?’ – జవాబు చెప్పే ముందు డిస్క్ గురించి తెలుసుకోవలసినవి

‘‘ఫార్మాట్ చేయాలి. సి డ్రైవ్‌లో దాచుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?’’

కంప్యూటర్‌ను మరమ్మతు దుకాణానికి తీసుకువెళ్లినవారికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ‘‘లేవు, అన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి’’ అని చాలామంది తడుముకోకుండా చెబుతారు. ఆ జవాబు నిజమైతే పని కొద్ది గంటల్లో పూర్తవుతుంది. నిజం కాకపోతే ఏళ్ల తరబడి పోగుచేసుకున్న ఫొటోలు, పత్రాలు కొన్ని నిమిషాల్లో చేజారిపోతాయి.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు సాధారణ మద్దతును ముగించింది. దీంతో పాత కంప్యూటర్లలో విండోస్ 11 గానీ, లినక్స్ గానీ వేయించుకోవలసిన అవసరం ఎన్నో ఇళ్లకు వచ్చింది. దుకాణదారు అడిగే ప్రశ్న కూడా అందుకే ఇప్పుడు మరింత ముఖ్యమైంది.

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ అంచున, టెల్కో ప్రాంతానికి దగ్గరగా ఉన్న గోవింద్‌పూర్‌లో ఒక తెలుగు ఇంటిని ఉదాహరణగా ఊహించుకోవచ్చు. ఉక్కు, మోటారు కర్మాగారాల్లో పనికోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్లిన ఎన్నో కుటుంబాలు తరతరాలుగా జంషెడ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. అలాంటి ఒక ఇంట్లో పదేళ్ల నాటి కంప్యూటర్ ఉంది. అందులో ఇంటిపెద్ద భవిష్యనిధి కాగితాలు, పిల్లల ధ్రువపత్రాలు, బిష్టుపూర్ రామమందిరంలో తీసుకున్న వేడుకల ఫొటోలు, శ్రీకాకుళం జిల్లాలోని సొంతూరి భూమి పత్రాల స్కాన్ ప్రతులు ఉన్నాయి. 500 జీబీ డిస్క్ ఒక్కటే. తెరమీద మాత్రం సి, డి అని రెండు డ్రైవ్‌లు కనిపిస్తాయి.

ఈ ఇంటివారు దుకాణదారుకు ఏమని జవాబు చెప్పాలి?

డిస్క్ ఒకటే, డ్రైవ్‌లు రెండెలా?

హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్ ఒక పొడవైన గదుల వరుసగా చూస్తుంది. ఒక్కో గదిని సెక్టార్ అంటారు. సంప్రదాయికంగా ఒక సెక్టార్‌లో 512 బైట్లు పడతాయి. ఆ లెక్కన 500 జీబీ డిస్క్‌లో 97 కోట్లకు పైగా సెక్టార్లు ఉంటాయి. ప్రతి సెక్టార్‌కూ ఒక సంఖ్య ఉంటుంది. ఏ గదిలో పెళ్లి ఫొటో ఉందో, ఏ గదిలో విండోస్ ఉందో డిస్క్‌కు తెలియదు. దానికి తెలిసింది సంఖ్యలు మాత్రమే.

‘ఫలానా సంఖ్య నుంచి ఫలానా సంఖ్య వరకు ఒక భాగం, ఆ తర్వాతి నుంచి చివరి వరకు మరొక భాగం’ అని గీత గీస్తే అదే పార్టిషన్. ఒక ఎకరం నేలను ప్లాట్లుగా విడదీసి హద్దురాళ్లు పాతినట్లన్నమాట. నేల ఒకటే, హద్దులే వేరు. గోవింద్‌పూర్ ఇంట్లోని సి, డి డ్రైవ్‌లు అలాంటి రెండు ప్లాట్లు. అవి రెండు వస్తువులు కావు.

మొదటి డ్రైవ్‌కు ‘సి’ అనే పేరు రావడం వెనుక ఒక చరిత్ర ఉంది. తొలినాటి పర్సనల్ కంప్యూటర్లలో ఎ, బి అనే అక్షరాలను ఫ్లాపీ డ్రైవ్‌లకు కేటాయించారు. 1983లో ఐబీఎం సంస్థ 10 ఎంబీ హార్డ్ డిస్క్‌తో పీసీ ఎక్స్‌టీని విడుదల చేసినప్పుడు ఆ డిస్క్‌కు తర్వాతి అక్షరమైన సి దక్కింది. ఫ్లాపీలు కనుమరుగైనా ఆ అక్షరం మాత్రం మారలేదు.

500 జీబీ అని కొన్న డిస్క్ విండోస్‌లో 465 జీబీగానే కనిపించడం చాలామందికి అనుమానం కలిగిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. తయారీదారులు ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తారు. విండోస్ 107 కోట్లకు పైగా బైట్లను ఒక జీబీగా చూపిస్తుంది. కొలత పెద్దది కావడంతో సంఖ్య చిన్నదవుతుంది.

హద్దులు రాసిపెట్టే చిట్టా

హద్దులు ఎక్కడున్నాయో రాసిపెట్టే రికార్డు ఒకటి ఉండాలి. జార్ఖండ్‌లో భూమి వివరాలకు ఖతియాన్ ఎలాంటిదో, తెలుగు రాష్ట్రాల్లో అడంగల్, పహాణీలు ఎలాంటివో, డిస్క్‌కు పార్టిషన్ టేబుల్ అలాంటిది.

పాత పద్ధతి పేరు ఎంబీఆర్. ఇది 1983 నాటిది. డిస్క్‌లోని మొట్టమొదటి సెక్టార్‌లోనే ఈ చిట్టా ఇమిడి ఉంటుంది. అందులో పార్టిషన్ల వివరాలకు దక్కేది 64 బైట్లు. ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు ప్రధాన పార్టిషన్లకే చోటుంటుంది. అంతకుమించి కావాలంటే నాలుగింటిలో ఒకదాన్ని ‘ఎక్స్‌టెండెడ్’గా ప్రకటించి, దాని లోపల మళ్లీ విభజించుకోవాలి. పైగా 512 బైట్ల సెక్టార్లున్న డిస్క్‌లో ఈ పద్ధతి సుమారు 2.2 టీబీ దాటిన స్థలాన్ని గుర్తించలేదు.

కొత్త పద్ధతి పేరు జీపీటీ. ఇందులో సాధారణంగా 128 పార్టిషన్లకు చోటుంటుంది. అంతకన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఈ చిట్టా రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి డిస్క్ మొదట్లో, రెండోది చివర్లో. ఒకటి చెడిపోతే రెండోదాన్ని బట్టి సరిచేయవచ్చు. విండోస్ 11 అధికారిక నిబంధనల ప్రకారం కంప్యూటర్‌లో యూఈఎఫ్‌ఐ వ్యవస్థ ఉండాలి. ఆ వ్యవస్థలో విండోస్‌ను ప్రారంభించే డిస్క్ జీపీటీ పద్ధతిలో ఉండాలి. అందుకే పాత కంప్యూటర్లలో ఎంబీఆర్ నుంచి జీపీటీకి మార్చవలసి వస్తుంది. సమాచారం చెరిపివేయకుండా ఈ మార్పు చేసే సాధనం విండోస్‌లోనే ఉంది. అయినా చిట్టాను తిరగరాసే ఏ పనికైనా ముందు నకలు తీసుకోవడం తప్పనిసరి.

చిట్టాను తెరిచి చూస్తే సి, డి కాకుండా ఇంకొన్ని చిన్న పార్టిషన్లు కనిపించవచ్చు. వాటిలో ఒకటి కంప్యూటర్ ఆన్ కాగానే మొదట చదివే ఫైళ్లు ఉండే చోటు. మరొకటి విండోస్ చెడిపోతే బాగుచేసే సామగ్రి ఉండే చోటు. ఖాళీగా, పనికిరానివిగా కనిపించే వీటిని తొలగిస్తే కంప్యూటర్ మళ్లీ తెరుచుకోకపోవచ్చు.

ఫార్మాట్ చేస్తే నిజంగా ఏం జరుగుతుంది?

ప్లాటు గీసినంత మాత్రాన అందులో కాపురం ఉండలేరు. గదులు, తలుపులు కావాలి. ఏ ఫైల్ ఏ సెక్టార్లలో ఉందో రాసుకునే ఏర్పాటును ఫైల్ సిస్టమ్ అంటారు. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌లో ఎక్కువగా ఎక్స్‌ట్4, పెన్‌డ్రైవ్‌లలో ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ వాడుకలో ఉన్నాయి.

ఒక పార్టిషన్‌ను ఫార్మాట్ చేయడమంటే పాత ఏర్పాటును పక్కనపెట్టి ‘ఈ స్థలమంతా ఖాళీ’ అని కొత్త పుస్తకం తెరవడం. మామూలుగా చేసే ‘క్విక్ ఫార్మాట్’లో పాత ఫైళ్లలోని అసలు సమాచారం వెంటనే తుడిచిపెట్టుకుపోదు. దాని చిరునామా మాత్రమే పోతుంది. పార్టిషన్‌ను తొలగించినప్పుడూ అంతే. ఖతియాన్‌లో పేజీ చింపితే ఇల్లు కూలదు. కానీ ఆ స్థలం ఖాళీ అని నమోదై ఉంటుంది కనుక, రేపు దాన్ని మరొకరికి కేటాయించవచ్చు. కొత్త ఇల్లు లేచిన తర్వాత పాతదాన్ని వెతికి ప్రయోజనం ఉండదు.

పొరపాటున పార్టిషన్ పోయినప్పుడు చేయవలసిన మొదటి పని, ఆ డిస్క్‌పై మరేదీ రాయకుండా ఆపేయడమే. టెస్ట్‌డిస్క్ వంటి ఉచిత సాధనాలు పోయిన హద్దులను వెతికి తిరిగి చిట్టాలో చేర్చగలవు. అయితే ఈ ఆశ పాత హార్డ్ డిస్క్‌లకు ఎక్కువ, ఎస్‌ఎస్‌డీలకు తక్కువ. ట్రిమ్ అనే ప్రక్రియ ద్వారా ఖాళీ అని ప్రకటించిన భాగాలను ఎస్‌ఎస్‌డీ తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది. అలా శుభ్రమైన సమాచారం సాధారణంగా తిరిగి రాదు. ‘క్విక్’ కాకుండా పూర్తి ఫార్మాట్ ఎంచుకున్నా ఆశ ఉండదు. ప్రస్తుత విండోస్ అప్పుడు పార్టిషన్ అంతటా సున్నాలు రాస్తుంది.

‘అన్నీ డి డ్రైవ్‌లోనే ఉన్నాయి’ – ఎక్కడ పొరపాటు?

గోవింద్‌పూర్ ఇంటివారు ఫొటోలను డి డ్రైవ్‌లో దాచారు. సి డ్రైవ్‌ను మాత్రమే ఫార్మాట్ చేస్తే డి డ్రైవ్ హద్దులు కదలవు. ఆ మేరకు వారి నమ్మకం సరైనదే. విభజన వల్ల కలిగే మేలు కూడా ఇదే. వ్యవస్థ ఒకచోట, సొంత సమాచారం ఒకచోట ఉంటే, వ్యవస్థను తీసేసి కొత్తది వేసినా సమాచారం నిలుస్తుంది.

చిక్కంతా ‘అన్నీ’ అనే మాటలో ఉంది. తెరమీద ఎదురుగా కనిపించే డెస్క్‌టాప్ విడిగా ఒక చోటు అనిపిస్తుంది. మార్చుకోకపోతే అది సి డ్రైవ్‌లోని ఒక ఫోల్డర్ మాత్రమే. డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ కూడా అక్కడివే. స్కాన్ చేసిన భూమి పత్రం డాక్యుమెంట్స్‌లో పడి ఉండవచ్చు. ఈమెయిల్‌లో వచ్చిన ధ్రువపత్రం డౌన్‌లోడ్స్‌లో ఉండవచ్చు. తొందరలో సేవ్ చేసిన దరఖాస్తు డెస్క్‌టాప్ మీదే ఉండిపోవచ్చు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కలు సైతం చాలాసార్లు సి లోనే ఉంటాయి.

రెండో ప్రమాదం ఇన్‌స్టాల్ చేసే సమయంలో ఎదురవుతుంది. అప్పుడు తెరమీద సి, డి అక్షరాలకు బదులు ‘డ్రైవ్ 0 పార్టిషన్ 3’ వంటి పేర్లు కనిపిస్తాయి. పరిమాణాన్ని ముందే రాసి పెట్టుకోకపోతే ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. లినక్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘మొత్తం డిస్క్‌ను చెరిపివేయి’ అనే ఎంపిక కూడా ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే సి, డి తేడా లేకుండా రెండూ పోతాయి.

గీసిన గీత జరగదా? లాజికల్ వాల్యూమ్ ఇచ్చే వెసులుబాటు

విభజనలో మరో ఇబ్బంది ఉంది. కొన్నేళ్లకు సి నిండిపోతుంది, డి లో సగం ఖాళీగా ఉంటుంది. పక్క ప్లాటులో ఖాళీ ఉన్నా హద్దు జరపడం సులువు కాదు. విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ ద్వారా ఒక పార్టిషన్‌ను పెంచాలంటే, దానికి కుడిపక్కన ఆనుకునే ఖాళీ స్థలం ఉండాలి. మధ్యలో మరో పార్టిషన్ అడ్డుంటే ఆ పని సాగదు.

ఈ ఇబ్బందికి పరిష్కారంగా వచ్చినదే లాజికల్ వాల్యూమ్. పెద్ద సర్వర్లలో ముందునుంచీ ఉన్న ఈ పద్ధతిని 1998లో హైంజ్ మౌల్స్‌హాగన్ లినక్స్ కోసం రూపొందించారు. దాన్ని ఎల్‌వీఎం అంటారు.

ఉమ్మడి కుటుంబంలోని గాదెను తలచుకుంటే దీన్ని అర్థం చేసుకోవచ్చు. వేర్వేరు పొలాల ధాన్యం ఒకే గాదెలోకి చేరుతుంది. అక్కడి నుంచి ఎవరి అవసరం మేరకు వారికి కుంచాలతో కొలిచి ఇస్తారు. ఎల్‌వీఎంలో పొలాల స్థానంలో ఉండేవి డిస్క్‌లు లేదా పార్టిషన్లు. వాటిని ఫిజికల్ వాల్యూమ్‌లు అంటారు. గాదె స్థానంలో వాల్యూమ్ గ్రూప్ ఉంటుంది. కొలిచి ఇచ్చిన వాటా లాజికల్ వాల్యూమ్. కుంచం స్థానంలో ఎక్స్‌టెంట్ ఉంటుంది. మార్చకపోతే ఒక్కో ఎక్స్‌టెంట్ 4 ఎంబీ.

కుంచాలు ఒకే పొలం నుంచి రావాలన్న నియమం లేదు. అవి డిస్క్‌లో పక్కపక్కన ఉండనక్కరలేదు, ఒకే డిస్క్‌లో ఉండనక్కరా లేదు. వాటా చాలకపోతే గాదెలో మిగిలిన కుంచాలు కలిపితే చాలు. గాదె నిండుకుంటే కొత్త డిస్క్ కొని చేర్చవచ్చు. చాలా సందర్భాల్లో కంప్యూటర్‌ను ఆపకుండానే ఈ పని జరుగుతుంది. పెంచడం తేలిక, తగ్గించడమే జాగ్రత్తగా చేయవలసిన పని. ఎక్స్‌ట్4 ఉన్న వాల్యూమ్‌ను తగ్గించాలంటే ముందు దాన్ని వాడకం నుంచి తప్పించాలి.

ఇదే ఆలోచన ఇతర వ్యవస్థల్లోనూ ఉంది. విండోస్ 8తో మైక్రోసాఫ్ట్ స్టోరేజ్ స్పేసెస్‌ను తెచ్చింది. యాపిల్ సంస్థ 2017లో తెచ్చిన ఏపీఎఫ్‌ఎస్‌లో ఒకే కంటెయినర్‌లోని వాల్యూమ్‌లన్నీ ఖాళీ స్థలాన్ని ఉమ్మడిగా వాడుకుంటాయి.

అయితే గాదె ఉమ్మడిదైతే నష్టమూ ఉమ్మడిదే కావచ్చు. రెండు డిస్క్‌ల మీదుగా పరుచుకున్న లాజికల్ వాల్యూమ్‌లో ఒక డిస్క్ చెడిపోతే ఆ వాల్యూమ్ మొత్తం ప్రమాదంలో పడుతుంది. ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకుంటే తప్ప ఎల్‌వీఎం దానంతట అది రెండో నకలు ఉంచదు.

మౌంట్ పాయింట్: అంటు కట్టే చోటు

పార్టిషన్ సిద్ధమైంది, ఫైల్ సిస్టమ్ ఉంది. దాని లోపలికి వెళ్లే దారి ఏది? విండోస్ ఒక్కో పార్టిషన్‌కు ఒక్కో అక్షరం ఇచ్చి విడివిడి వాకిళ్లు చూపిస్తుంది. 1969లో బెల్ లేబొరేటరీస్‌లో మొదలైన యునిక్స్, దాని బాటలో 1991లో వచ్చిన లినక్స్ మరో పద్ధతిని అనుసరిస్తాయి. వాటిలో ఫోల్డర్లన్నీ ఒకే చెట్టుగా ఉంటాయి. ఆ చెట్టు మొదలు పేరు రూట్, అంటే వేరు.

కొత్త డిస్క్ వచ్చినప్పుడు దాన్ని ఆ చెట్టుకు ఒకచోట కలుపుతారు. మామిడి చెట్టుకు మరో రకం కొమ్మను అంటు కట్టినట్లే ఇది. కలపడాన్ని మౌంట్ చేయడం అంటారు, కలిపిన చోటును మౌంట్ పాయింట్ అంటారు. వాడేవారి ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ వేరే పార్టిషన్‌లో ఉన్నా, చూసేవారికి అది అదే చెట్టులో కొమ్మగా కనిపిస్తుంది. హోమ్‌ను ఇలా విడిగా పెట్టుకున్నవారు లినక్స్‌ను తీసేసి కొత్తగా వేసుకున్నా తమ ఫైళ్లను కాపాడుకోవచ్చు. ఇన్‌స్టాల్ సమయంలో ఆ పార్టిషన్‌ను ఫార్మాట్ చేయకుండా, హోమ్‌గా మౌంట్ చేయమని చెబితే సరిపోతుంది. విండోస్‌లో డి డ్రైవ్ చేసే పనే ఇక్కడ హోమ్ చేస్తుంది.

అంటు కట్టకపోతే కొమ్మ కనిపించదు. ఈ చిన్న విషయం తెలియక కొందరు పెద్ద నష్టం తెచ్చుకుంటారు. మౌంట్ కాని డిస్క్ తాలూకు ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఫైళ్లన్నీ పోయాయని భయపడతారు. విండోస్‌లోనూ డ్రైవ్ అక్షరం తప్పిపోతే డి డ్రైవ్ మాయమైనట్లు కనిపిస్తుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో మళ్లీ ఒక అక్షరం ఇస్తే అది తిరిగి ప్రత్యక్షం కావచ్చు. లినక్స్ డిస్క్‌ను విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే, దాన్ని చదవలేక ‘వాడే ముందు ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ సూచించడం కద్దు. అది సలహా మాత్రమే, నిర్ధారణ కాదు. అప్పుడు ‘సరే’ అని నొక్కకూడదు. కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు.

వాడకం ముగిశాక అంటును విడదీయడాన్ని అన్‌మౌంట్ అంటారు. విండోస్‌లోని ‘ఎజెక్ట్’ ఆ పనే చేస్తుంది. కాపీ పూర్తయినట్లు తెర చూపినా కొంత సమాచారం ఇంకా మెమరీలోనే ఉండి, డిస్క్ మీదికి చేరకపోవచ్చు. చెప్పకుండా పెన్‌డ్రైవ్ లాగేస్తే ఫైళ్లు పాడవడానికి అదొక కారణం.

చేతిలోని ఫోన్‌లోనూ ఇదే ఏర్పాటు

ఈ విభజన కంప్యూటర్లకే పరిమితం కాదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వ్యవస్థకు ఒక పార్టిషన్, వాడేవారి సమాచారానికి మరొకటి ఉంటాయి. ‘ఫ్యాక్టరీ రీసెట్’ చేస్తే రెండోది ఖాళీ అవుతుంది, మొదటిది నిలుస్తుంది. అందుకే ఫోన్ మళ్లీ పనిచేస్తుంది కానీ ఫొటోలు ఉండవు. కంప్యూటర్‌లో సి ఫార్మాట్ చేస్తే వ్యవస్థ పోయి సమాచారం మిగలాలని కోరుకుంటారు. ఫోన్‌లో రీసెట్ చేస్తే సరిగ్గా దానికి విరుద్ధంగా జరుగుతుంది. ఈ తేడా తెలియక నష్టపోయేవారున్నారు.

గోడ కట్టడం వేరు, నకలు దాచడం వేరు

గోవింద్‌పూర్ ఇంటి డి డ్రైవ్‌కు తిరిగి వద్దాం. ఫార్మాట్ నుంచి దాన్ని హద్దు కాపాడుతుంది. డిస్క్ కింద పడితే, పదేళ్ల వయసు మీద పడి ఆగిపోతే, దొంగతనానికి గురైతే, ఆ హద్దు దేన్నీ కాపాడలేదు. ఒకే నేల మీద రెండు ప్లాట్లు కనుక వరద వస్తే రెండూ మునుగుతాయి. సి లోని ఫైళ్లను డి లో కాపీ చేసి ‘బ్యాకప్ ఉంది’ అనుకోవడం ఇలాంటిదే.

ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ‘మూడు–రెండు–ఒకటి’ సూత్రం ఇక్కడ ఉపయోగపడుతుంది. ముఖ్యమైన సమాచారం మూడు ప్రతులుగా ఉండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాల్లో ఉండాలి. ఒక ప్రతి మరో ఊళ్లోనో, ఇంటర్నెట్ నిల్వలోనో ఉండాలి. రెండు ఊళ్లతో బంధమున్న కుటుంబాలకు ఇది కష్టమేమీ కాదు. జంషెడ్‌పూర్ ఇంట్లో ఒక బయటి డిస్క్, సొంతూళ్లో బంధువుల ఇంట మరొకటి ఉంచవచ్చు. డిజీలాకర్‌లో లభించే ధ్రువపత్రాలను అక్కడి నుంచి తిరిగి పొందవచ్చు. పెళ్లి ఫొటోలను మళ్లీ జారీ చేసే కార్యాలయం మాత్రం ఎక్కడా లేదు.

దుకాణదారుకు చెప్పవలసిన జవాబు

కంప్యూటర్‌ను అప్పగించే ముందు ఇంట్లోనే అరగంట కేటాయిస్తే ఈ జవాబు దొరుకుతుంది. ముందుగా డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, డిస్క్‌లు ఎన్ని, ఒక్కోదానిలో పార్టిషన్లు ఎన్ని, ఏది ఎంత పరిమాణమో కాగితం మీద రాసుకోవాలి. డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను ఒక్కొక్కటిగా చూడాలి. అవసరమైనవన్నీ డి లోకి కాకుండా బయటి డిస్క్‌లోకి కాపీ చేయాలి. ఆ డిస్క్‌ను వేరొక కంప్యూటర్‌కు తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో పరీక్షించాలి. డ్రైవ్‌కు బిట్‌లాకర్ రక్షణ ఉంటే దాని రికవరీ కీని భద్రపరచుకోవాలి. అది లేకపోతే చెక్కుచెదరని డి డ్రైవ్ కూడా తెరుచుకోకపోవచ్చు.

ఆ తర్వాత దుకాణంలో చెప్పవలసింది రెండు ముక్కలు: ‘‘ఇంత జీబీ ఉన్న ఈ ఒక్క పార్టిషన్‌నే ఫార్మాట్ చేయండి. మిగతావాటిని ముట్టుకోవద్దు.’’

ఒకవేళ అక్కడ పొరపాటు జరిగినా, బయటి డిస్క్ అప్పటికే ఇంటి బీరువాలో ఉంటుంది.